తపస్సు మాను కింద నా మెడ

ఆ రోజుల్లో మెడ అంటే తలకాయను నిలబెట్టడానికి దేవుడు పాతిన గుంజ అని మాత్రమే మాకు తెలుసు. దాని మీద గడ్డిమోపు మోశాం, నీళ్ల బిందె మోశాం, పెండ్లినాడు పూలదండ మోశాం. బడిలో అయ్యవారికి కోపం వస్తే పట్టుకుని బయటికి నెట్టడానికి కూడా అదే మెడ పనికొచ్చింది. అంత చాకిరీ చేసే మెడ లోపల ఏముందో, అది ఇటు తిరిగితే ఏమవుతుందో, అటు తిరిగితే ఏమవుతుందో అడిగిన పాపాన పోయినవాడు మా ఊళ్లో ఒక్కడూ లేడు. పోయిన చలికాలం మదనపల్లెలో ఒక డాక్టరమ్మ నా మెడ పక్కన రెండు వేళ్లు పెట్టి సంగతి చెప్పేదాకా నాకూ తెలియదు. చెప్పాక తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాను. నా పెండ్లి, నా సంసారం, నా బిడ్డలు, మనవళ్లు, ఇదంతా ఆ రెండు వేళ్ల కింద ఉన్న ఇసుమంత చోటు వల్లనే జరిగిందని తెలిస్తే మీరు మాత్రం నోరు మూసుకోగలరా.

ముందుగా నా ఘనత ఒకటి చెప్పుకోనివ్వండి. పుంగనూరు చుట్టుపక్కల ఎన్ని ఊళ్లలో ఎన్ని భారతాలు జరిగాయో లెక్కలేదు గానీ, తపస్సు మాను కాడ పడిపోయి, గుడ్డలకంటిన దుమ్ము దులుపుకుని, ఏమీ కానట్టు లేచి కూచున్న మొనగాణ్ణి నేనొక్కణ్ణే. తాటిచెట్టు కంటే ఎత్తైన మాను. (మా మనవళ్లకు చెప్పేటప్పుడు రెండు తాటిచెట్లు అంటాను. పిల్లలకు కొంచెం ఎక్కువ పెట్టాలి, పెరిగే వయసు కదా.) కింద వేలమంది జనం. నేను పడ్డాను. జనం హాహాకారాలు చేశారు. ఈ మాట ఇన్నేళ్లుగా ఎక్కడ చెప్పినా వినేవాళ్లు ఒక అడుగు వెనక్కి వేసి నన్ను తలనుంచి కాళ్లదాకా చూసేవాళ్లు. ఆ చూపు కోసమే చెప్పేవాణ్ణి.

మా పక్క భారతం అంటే ఏమిటో తెలియనివాళ్లకు ఒక్క మాట. ధర్మరాజుల గుడి, అంటే ద్రౌపదమ్మను అమ్మవారిగా కొలిచే గుడి, ఉన్న ఊళ్లో ఎండాకాలం వచ్చిందంటే రోజులకు రోజులు భారత కథ ఆడతారు. అందులో ఒకనాడు అర్జునుడి తపస్సు. ఊరి బయట మైదానంలో ఎత్తైన మాను పాతి, పైన చిన్న మంచె కడతారు. అర్జునుడి వేషగాడు మెట్టుకో పద్యం పాడుతూ, పట్టపగలు మండుటెండలో, ఆ మాను ఎక్కుతాడు. బిడ్డలు లేని ఆడవాళ్లు తడిచీరలతో మాను చుట్టూ నేల మీద బోర్లా పడుకుని వరం పడతారు. అర్జునుడు మంచె మీద నుంచి విభూతి, మారేడాకులు, నిమ్మకాయలు విసురుతాడు. నిమ్మకాయ ఎవరి ఒళ్లో పడితే వాళ్లకు బిడ్డ పుడుతుందని నమ్మకం. ఆయన ఎక్కినంతసేపూ, పాడినంతసేపూ, కిందనున్న జనమంతా నీళ్లు తాగే కోళ్లలాగా తలలు వెనక్కి వాల్చి పైకే చూస్తుంటారు.

ఇక నిజానికి వస్తాను. పడిన మాట నిజం. అయితే మాను మీద నుంచి కాదు, నా కాళ్ల మీద నుంచే. నేను మాను ఎక్కలేదు. మాను కింద జనంలో ఒకడినై నిలబడి ఉన్నాను. అంతే.

నిలబడింది కూడా భక్తితో కాదు, పెండ్లి కోసం. అప్పుడు నేను మదనపల్లె టమోటా మండీలో కొత్తగా చేరిన గుమాస్తాను. మా చిన్నాయనకు మూర్ఛ రోగం ఉండేది. బంగారం లాంటి మనిషి, ఏడాదికి ఒకసారో రెండుసార్లో పడిపోయేవాడు, ఆ పాపానికి మా ఇంట్లో మగపిల్లలందరినీ జనం అనుమానంగా చూసేవాళ్లు. నాకు వచ్చిన రెండు సంబంధాలు ఆ ఒక్క మాట మీదే వెనక్కి పోయాయి. మూడోది కుప్పం దగ్గర పల్లె నుంచి వచ్చింది. పిల్ల తండ్రి సంతల్లో ఎద్దులు కొని అమ్మే మనిషి. మేమంతా ఎద్దుల మామ అనేవాళ్లం. భారతానికి వస్తాను, పిల్లవాణ్ణి అక్కడే చూస్తాను అని కబురు పంపాడు. ఇది కూడా పోతే నాలుగోది రాదని మా మేనమామ తేల్చి చెప్పాడు. తన పెట్టెలోంచి టెరికాట్ చొక్కా తీసి నాకు తొడిగించాడు. మామది కొంగ మెడ, నాది దున్నపోతు మెడ. పై గుండీ పెట్టేసరికి కళ్లు ముందుకొచ్చాయి.

"ఊపిరాడలే మామా" అన్నాను.

"ఊపిరి పెండ్లయినాక పీల్సుకుందువులే. పై గుండీ తీసేసినోడు రౌడీ మాదిరి కనపడతాడు. ముట్టుకోబాక" అన్నాడు.

అలా మెడకు ఉచ్చు బిగించుకుని, భారతం కదా అని పొద్దుటి నుంచి ఏమీ తినక, నడినెత్తిన ఎండలో, తల వెనక్కి వాల్చి అర్జునుణ్ణి చూస్తూ నిలబడ్డాను. అర్జునుడు మంచివాడే, కానీ తొందర లేనివాడు. ఒక మెట్టు ఎక్కి పద్యం అందుకుంటే రాగం తీసి తీసి, జనం ఈల వేస్తే మళ్లీ మొదటి నుంచి పాడేవాడు. ఆయన మంచె చేరేసరికి నా మెడ వెనక నరాలు బిగుసుకుపోయాయి. అప్పుడు మా అత్త, అంటే మేనమామ భార్య, నా చెవిలో ఊదింది.

"ఎడమపక్క సూడరా. పచ్చ సీర. ఆ బిడ్డే."

తల ఎత్తినది ఎత్తినట్టే ఎడమకు తిప్పాను. పచ్చటి రంగు ఒకటి కనిపించింది. ఆ తర్వాత సినిమా హాల్లో కరెంటు పోయినట్టు అంతా పోయింది.

మళ్లీ కరెంటు వచ్చేసరికి నేను వరం పడుతున్న ఆడవాళ్ల మధ్యన వెల్లకిలా పడి ఉన్నాను. నా రొమ్ము మీద ఒక నిమ్మకాయ ఉంది. అర్జునుడు పైనుంచి చూడకుండా విసిరాడో, చూసే విసిరాడో నాకిప్పటికీ తెలియదు. పక్కనున్న ఒక ముసలామె నా వైపు చూసిన చూపు చూస్తే నేను మళ్లీ మూర్ఛపోవలసింది.

"నీ పాసుగూల, పెండ్లి గూడా కాలేదే నీకు. నీకు యాలప్పా నిమ్మకాయ" అంది. ఆమె కోడలు అదే అదనుగా నా రొమ్ము మీద నుంచి నిమ్మకాయ లాక్కుని కొంగున కట్టుకుంది. (ఆ ఏడు తిరక్కుండానే ఆమెకు కవలలు పుట్టారని చెబుతుంటాను. పుట్టారో లేదో నేను కనుక్కోలేదు.)

జనం మూగారు. ఎవరో గట్టిగా అన్నారు. "ఇనుము పెట్టండప్పా సేతిలో. తాళంసెవులు ఉండాయా ఎవురి దగ్గరన్నా?"

పడిపోయినవాడి చేతిలో తాళంచెవులు పెట్టారంటే వాడికి మూర్ఛ ఉందని ఊరంతటికీ దండోరా వేసినట్టే. (ఇనుము పెడితే మూర్ఛ తగ్గదు. మా చిన్నాయన చేతిలో ఎన్ని తాళాలు పెట్టారో, ఏదీ తగ్గించలేదు. అయినా పెట్టేవాళ్లు.) మొలతాడుకు వేలాడుతున్న తాళాల గుత్తి విప్పుకుంటూ ఒకాయన వంగాడు. వెనకాల ఎద్దుల మామ గుబురు మీసాలు కనిపించాయి. అయిపోయింది నా పని అనుకున్నాను.

మా అత్త ఆ తాళాల గుత్తిని అరచేత్తో ఎగరగొట్టింది.

"ఇనుమేంది నీ మొగానికి. వాడికి మూర్ఛా లేదు మన్నూ లేదు. అమ్మ వచ్చిండాది. వేపమండ తెండి" అని అందరికీ వినపడేలా అని, నా చెవి దగ్గరికి వంగి, "ఊగరా. ఊగకపోతే ఈ జన్మకు నీకు పెండ్లి లేదు" అంది.

ఊగాను. జన్మలో ఎప్పుడూ ఊగనివాణ్ణి, మండీలో తక్కెడ ముల్లు ఎలా ఊగుతుందో అలా ఊగాను. పడినప్పుడు చొక్కా పై గుండీ తెగి ఎక్కడో పోయింది కాబట్టి ఊపిరి బాగానే ఆడుతోంది. ఆడవాళ్లు చేతులు జోడించారు. ఇందాక నన్ను తిట్టిన ముసలామే ముందుకొచ్చి, "తల్లీ ద్రౌపదమ్మా, ఏం కావల్లమ్మా నీకు?" అని అడిగింది. పొద్దుటి నుంచి తిండి లేదు, నా నోట్లోంచి "సంగటి" అని వచ్చేసింది. మా అత్త తొణకలేదు. "ఇన్నారు కదా. జనానికి సంగటి, అంబలి పోయమంటాండాది అమ్మ. పోసి సూడండి, వానలు వస్తాయి" అంది. నేనే బిత్తరపోయి అత్త వైపు చూశాను.

అంతటితో పోలేదు. తమలపాకు మీద కర్పూరం వెలిగించి తెచ్చారు. అమ్మ వచ్చినవాళ్లు మండే కర్పూరాన్ని నోట్లో వేసుకుంటారు, అది ఆనవాయితీ. ఆ మంటను గుటుక్కున మింగి నాలుక బయటపెట్టి చూపించానని నేను చాలా చోట్ల చెప్పాను, ఒకటి రెండు పెళ్లి విందుల్లో ఆ మాటకు నాకు ఇంకో లడ్డు కూడా వడ్డించారు. మింగలేదు. మంట ముక్కు దగ్గరికి వచ్చేసరికి భయంతో ఉఫ్ అని ఊదేశాను. ఆరిపోయింది. "అమ్మ శాంతించింది, ఇంగ పదండి" అని అత్త నన్ను చేయి పట్టుకుని లాక్కుపోయింది.

సాయంత్రం మా ఇంట్లో అందరూ ఎద్దుల మామ ముఖం వైపే చూస్తున్నారు. ఆయన కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, మీసం తుడుచుకున్నాడు.

"అమ్మో మూర్ఛో నాకు తెలీదప్పా. నాకు తెలిసిందంతా ఎద్దులు. సంతలో ఎద్దు బాగుండాదని ఎవురు సెప్పినా నేను నమ్మను. ఇంటికి తోలుకపోయి, నాలుగు దినాలు కాడి కట్టి, మేతేసి, పండుకునేటప్పుడు లేసేటప్పుడు సూసినాకే మాట ఇస్తా. పిల్లోడిని నాతో పంపీండి."

మా మేనమామకు కోపం వచ్చింది. "ఏమప్పా, మావాడు ఎద్దా?"

"ఎద్దయితే ఈడనే నోరు తెరిపించి పండ్లు గూడా సూసుందును" అన్నాడు ఎద్దుల మామ.

ఇంట్లో ఎవరూ నా వైపు చూడలేదు. మా అమ్మ మాత్రం లోపలికి వెళ్లి నా సంచి సర్దింది. అత్త చొక్కాకు కొత్త గుండీ కుట్టింది, మళ్లీ తెగకుండా దారం నాలుగు పేటలు వేసి, ఇంకాస్త లోపలికి జరిపి. పలమనేరు మీదుగా బస్సులో, పక్కన ఎద్దుల మామ, ముందు సీటులో ఆయన కొన్న పలుపుతాళ్ల చుట్ట, అలా నేను కుప్పం తోలుకుపోబడ్డాను.

అక్కడ ఆయన నన్ను చూసిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నాకు తోక ఉందేమోనని వెనక్కి తడుముకుంటాను. నెత్తి వంచమని సుళ్లు చూశాడు. ఒకటే ఉందని తృప్తిపడ్డాడు. అరికాళ్లు చూశాడు. మడక పట్టించాడు. (ఒక్కరోజులో రెండెకరాలు దున్నానని మండీలో చెప్పుకున్నాను. రెండు సాళ్లు దున్నాను, అవి కూడా ఎద్దులకు దారి తెలుసు కాబట్టి.) నేను సంగటి ముద్ద తింటుంటే ఎదురుగా గొంతుక్కూచుని చూసి, లోపలికి వినపడేలా "మేత బాగనే తింటాండాడు" అని భార్యకు చెప్పేవాడు. నీళ్లు మోశాను, గడ్డిమోపు తలకెత్తుకున్నాను, చింతచెట్టు ఎక్కి కాయలు రాల్చాను. ఎక్కడా పడలేదు. ఎందుకు పడతాను, అక్కడ ఉన్నన్నాళ్లూ ఒంటి మీద బనియను, భుజం మీద తుండుగుడ్డ తప్ప చొక్కా వేసుకుంటే కదా. చొక్కాకూ పడటానికీ ఉన్న లంకె అప్పుడు నాకు తెలియదు. ఏ క్షణాన మళ్లీ ఆ కరెంటు పోతుందోనని నేను బిక్కుబిక్కుమంటూ ఉండేవాణ్ణి. నిజంగానే నాకు చిన్నాయన రోగం వచ్చిందేమో, ఈ మనిషిని మోసం చేస్తున్నానేమో అని లోపల పీకుతుండేది. పిల్లను మాత్రం చూడనివ్వలేదు. వడ్డించే చేయి, దాని గాజులు, అంతే.

వెళ్లే రోజు వచ్చింది. ఎద్దుల మామ అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. నేను స్నానం చేసి, మర్యాదగా టెరికాట్ చొక్కా తొడుక్కుని, పై గుండీ పెట్టుకుని, కొట్టం ముందు నిలబడి, "పోయొస్తాను మామా" అన్నాను. అప్పుడే ఎడమపక్క వంటింటి కిటికీలోంచి ఒక గొంతు వినిపించింది.

"అమ్మా, ఆయప్ప తువాలు మర్సిపోతాండాడు."

ఆ గొంతు వినడం అదే మొదలు. గిరుక్కున తల తిప్పాను. కిటికీ కమ్మీలు కనిపించాయి. తర్వాత చీకటి.

ఈసారి పూర్తిగా పడలేదు. పక్కన కట్టేసి ఉన్న పెద్ద ఎద్దు మీదికి వాలి, చేతికందిన దాని మెడను వాటేసుకున్నాను. అలా ఎంతసేపు ఉన్నానో తెలియదు. తెలివి వచ్చేసరికి నా ముఖం దాని మూపురంలో ఉంది, ముక్కునిండా గడ్డివాసన, కళ్లలో దుమ్ము పడి నీళ్లు కారుతున్నాయి. తీరిపోయింది, చూసేశారు, ఇక ఈ ఇంట్లో కూడా తాళంచెవులు వెతుకుతారు అనుకుంటూ తల ఎత్తాను. ఎద్దుల మామ తలగుడ్డ తీసి కళ్లు ఒత్తుకుంటున్నాడు.

"సూస్తివా" అన్నాడు భార్యతో. "పోతా పోతా ఎద్దు మెడ పట్టుకోని ఇడవలేకుండా ఉండాడు మనిషి. ఇంగేం సూడల్ల? బిడ్డని ఈడికే ఇస్తాము."

ఏడవలేదండీ, పడబోయాను అని చెప్పాలి. చెబితే పెండ్లి లేదు. దుమ్ము పడిన కళ్లను చేత్తో తుడుచుకున్నాను. ఆ తుడుచుకోవడం చూసి మా అత్తగారు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అలా నాకు పెండ్లయింది. పెండ్లయ్యాక మేనమామ చొక్కా మేనమామకు ఇచ్చేశాను. నా చొక్కాలన్నీ మెడ దగ్గర వదులుగా కుట్టించుకున్నాను. ఏళ్ల తరబడి మళ్లీ పడలేదు. అమ్మవారే నాకు పెండ్లి కుదిర్చి వెళ్లిపోయిందని కొన్నాళ్లు నేనే నమ్మాను.

ఇన్నేళ్ల తర్వాత, పోయిన చలికాలం, పుంగనూరు బస్టాండులో మఫ్లరు రెండు చుట్లు బిగించి చుట్టుకుని నిలబడి ఉంటే, ఎడమపక్క నుంచి కుప్పం బస్సు హారను వినిపించింది. తల తిప్పాను. పూలమ్మే ఆమె బుట్టలో పడ్డాను. చామంతులన్నీ నలిగాయి. నాకు ఏమీ కాలేదు గానీ నా భార్య ఒప్పుకోలేదు, మదనపల్లెకు తీసుకుపోయింది. అక్కడ డాక్టరమ్మ, మా మనవరాలి వయసు పిల్ల, నన్ను పడుకోబెట్టి, రొమ్ము మీద వైర్లు అంటించి, మెడ పక్కన రెండు వేళ్లతో నెమ్మదిగా ఒత్తింది. తెర మీద ఎగిరెగిరి పడుతున్న గీత ఉన్నట్టుండి చదునుగా సాగింది. సాగుతూనే ఉంది. నా భార్య కుర్చీలోంచి లేచి నిలబడింది. వేళ్లు తీశాక గీత మళ్లీ ఎగిరింది.

"చూశారా తాతా" అంది డాక్టరమ్మ. "మెదడుకు రక్తం తీసుకుపోయే పెద్ద నాళం ఇక్కడ రెండుగా చీలుతుంది. ఆ చీలిక దగ్గర ఒక కాపలావాడు ఉంటాడు. రక్తం ఒత్తిడి ఎంతుందో చూసి గుండెకు కబురు పెట్టడం వాడి పని. మీరు మెడకు బిగువుగా చుట్టుకుని తల తిప్పితే వాడి మీద నొక్కు పడుతుంది. ఒత్తిడి పెరిగిపోయిందని వాడు పొరబడి, గుండెను నెమ్మదిగా కొట్టుకోమంటాడు. అది నెమ్మదిస్తే మెదడుకు రక్తం చాలదు. కళ్లు చీకట్లు కమ్ముతాయి, పడిపోతారు. పడ్డాక తల, గుండె ఒకే మట్టానికి వస్తాయి కాబట్టి మళ్లీ తెలివి వస్తుంది. ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా అయిందా?"

అడగకూడనివాణ్ణి అడిగింది. మంచె మీద నుంచి మొదలుపెట్టాను, ఆమె ముఖం చూసి కిందికి దిగాను. పై గుండీ, అర్జునుడు, నిమ్మకాయ, కర్పూరం, ఎద్దు, అన్నీ చెప్పాను. ఆమె నవ్వి నవ్వి కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"చిన్న వయసులో ఇది అరుదు తాతా. ఆ రోజు ఎండ, ఉపవాసం, అంతసేపు నిలబడటం, అన్నీ కలిసి ఉంటాయి. తల బాగా వెనక్కి వాల్చి తిప్పితే మెడ ఎముకల్లోంచి పోయే వెనక నాళాలు కూడా కొందరికి నొక్కుకుంటాయి. మూర్ఛ మాత్రం కాదు" అంది.

కాదు అన్న ఆ ఒక్క మాట కోసం ఆ రోజు తాళాల గుత్తి ముందు పడి ఉన్న ఆ కుర్రవాడు ఏమైనా ఇచ్చేవాడు. ఎండలో మేనమామ చొక్కా తొడుక్కుని, ఊపిరాడక, అమ్మవారిలా ఊగుతూ, లోలోపల తనకేదో రోగం ఉందని వణికిన వాడి భుజం మీద చేయి వేసి, పై గుండీ తియ్యరా నాయనా అని చెప్పాలనిపించింది. చెబితే వాడికి పెండ్లయ్యేది కాదేమో. నాలో నేనే నవ్వుకుంటూ నా భార్య వైపు తిరిగాను, డాక్టరమ్మ చెప్పినట్టు మెడ తిప్పకుండా, మనిషినంతా తిప్పి.

"సూసినావా" అన్నాను. "నిన్ను సూడాలని తిరిగినందుకే రెండు తూర్లు పానం మీదికి తెచ్చుకున్నా. మీ నాయన గూడా నా మనసు సూసే కదా నిన్ను ఇచ్చినాడు."

ఆమె నా మఫ్లరు మడిచి సంచిలో పెట్టుకుంటూ డాక్టరమ్మతో అంది.

"ఈయప్ప మాట ఇనబాకమ్మా. భారతానికి నేను పోనే లేదు, ఆ పచ్చ సీర మా చిన్నమ్మ. ఇంగ ఆ ఎద్దు సంగతి. కొత్తోళ్లు దగ్గరికి పోతే కుమ్మే ఎద్దు అది, ఇద్దురికి ఎముకలు ఇరగ్గొట్టిండాది. ఈయన సొమ్మసిల్లి దాని మీద పడింది మా నాయన కండ్లారా సూసినాడు, పెండ్లయినాక నాకు సెప్పినాడు. అది కుమ్మకుండా, ఈయన్ని పడనీకుండా కదలక నిలబడింది. మా నాయన నమ్మింది ఎద్దుని, ఈయన్ని గాదు."